బర్రె ఇచ్చారు, నిద్ర ఎవరిస్తారు?

జోగిని వ్యవస్థ ఎప్పుడో పోయిందనీ, అదంతా పాత కథనీ చెప్పే పెద్దమనుషులకు ఒక మాట. పట్టం కట్టడం తగ్గిన మాట నిజమే. పట్టం కట్టించుకున్న మనుషులు ఎక్కడికి పోతారు? మక్తల్, ఊట్కూరు, నారాయణపేట వైపు ఊళ్ళల్లో ఉన్నారు. నిజామాబాద్ పల్లెల్లో ఉన్నారు. కర్నూలు, అనంతపురం సరిహద్దు గ్రామాల్లో బసివిలుగా, చిత్తూరు వైపు మాతమ్మలుగా ఉన్నారు. కూలికి పోతున్నారు, మనవల్ని ఎత్తుకుంటున్నారు, రేషన్ షాపు ముందు వరసలో నిలబడుతున్నారు. రాత్రయితే పడుకోలేకపోతున్నారు. ఆ చివరి మాట ఏ నివేదికలోనూ కనపడదు. ఎందుకంటే వాళ్ళను ఎవరూ అడగలేదు.

ఆ మధ్య ఒక మండల కేంద్రంలో జోగినుల పునరావాసం మీద సమావేశం పెడితే వెళ్ళాను. బల్ల మీద దరఖాస్తుల కట్ట. పేరు, ఊరు, కులం సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు ఖాతా. ‘తండ్రి లేదా భర్త పేరు’ అన్న గడి రాగానే ప్రతి ఒక్కరూ ఒక్క క్షణం తల దించుకుంటున్నారు. రాసిపెడుతున్న కుర్రాడు వాళ్ళను అడక్కుండానే అక్కడ అడ్డగీత గీసేస్తున్నాడు. ఆ కింది గడిలో ఏం కావాలో రాయాలి. అధికారి ఒక్కొక్కరినీ పిలిచి, “ఏం రాయమంటవమ్మా? బర్రెనా, కుట్టు మిషనా?” అని అడుగుతున్నాడు. యాభై దాటిన ఒకావిడ వంతు వచ్చింది. ఆవిడ కాసేపు ఆలోచించి, “నిద్ర పట్టది సారూ. కండ్లు మూస్తె డప్పు ఇనొస్తది. నిద్రకేమన్న ఇస్తరా?” అంది.

హాలంతా నవ్వింది. అధికారీ నవ్వాడు. అతను చెడ్డవాడేమీ కాదు. ఆవిడ పేరు పక్కన బర్రె అని రాసి, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆవిడ పరాచకానికి అనలేదు. ఆ హాల్లో ఆ రోజు నోరు తెరిచి అసలు సంగతి చెప్పింది ఆవిడొక్కతే. మనకు వినడం చేతకాలేదు. చేతకాక నవ్వాం. ఆ నవ్వే నన్ను ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

ఈ తరానికి తెలియకపోవచ్చు గనక చెప్పాలి. దళితుల ఇళ్ళల్లో, అందులోనూ మాదిగ, మాల ఇళ్ళల్లో, ముక్కుపచ్చలారని ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేసేవారు. ఇంట్లో రోగం తగ్గలేదని ఒకరు, వానలు లేవని ఒకరు, మగబిడ్డ పుట్టలేదని ఒకరు, పిల్ల జుట్టు జడలు కట్టిందని మరొకరు. నూనె, దువ్వెన లేక వెంట్రుకలు అట్టలు కడితే, అమ్మవారు రమ్మంటోందని దానికి ఊరు చెప్పే అర్థం. పసుపు పూసి, వేపాకు కట్టి, కొత్త బట్ట పెట్టి, మెడలో తాళి వేసేవారు. దీన్నే పట్టం కట్టడం అంటారు. ఆ పూట ఆ పిల్లకు ఊరంతా మొక్కుతుంది. పెద్దమనిషి అయ్యాక ఊరి పెద్దల్లో ఒకడు కన్నెరికం చేస్తాడు. అక్కడినుంచి ఆమెకు మొగుడు ఉండడు, ఎవడు పిలిచినా కాదనే హక్కు ఉండదు. జాతరలో ఆడాలి. శవం ముందు ఆడాలి. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు ఉండదు. ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది, పని మారదు.

దీన్ని మనం లైంగిక దోపిడీ అని రాస్తాం, కుల దోపిడీ అని రాస్తాం. రెండూ నిజమే. కానీ ఆ రెండు మాటలతో ఆగిపోతే ఆమెకు తగిలిన దెబ్బ ఎంత లోతుకు దిగిందో మనకు అర్థం కాదు. ఒక దుర్మార్గుడు చెయ్యి వేస్తే, వాడు దుర్మార్గుడని అనుకునే వీలైనా ఆడదానికి ఉంటుంది. జోగినికి ఆ వీలు కూడా ఉంచలేదు. ఇచ్చింది కన్నతల్లి. పుచ్చుకుంది అమ్మవారు. దగ్గరుండి జరిపించింది ఊరు. ఎవరిని తిడుతుంది? తల్లిని తిడితే ఆ తల్లి కూడా పోతుంది. అమ్మవారిని తిడితే పాపం. ఊరిని తిడితే కూడు పుట్టదు. ఇక మిగిలింది తనే. అందుకే తనను తాను తిట్టుకుంటుంది. ‘నా రాత’ అంటుంది, ‘నా కర్మ’ అంటుంది, ‘పోయిన జన్మల ఏం పాపం జేసిన్నో’ అంటుంది. తన మీద జరిగిన నేరానికి తనే ముద్దాయి అయి, తనే సాక్షి అయి, ప్రతి రాత్రీ తనకే శిక్ష వేసుకుంటుంది.

తాళి తెంపేస్తే ఇదంతా తెగిపోతుందనుకున్నాం. తెగలేదు. ఆ మెడలో తాళి లేకపోయి ఏళ్ళు గడిచినా చెయ్యి మెడ మీదికే పోతుంది. మంగళవారం, శుక్రవారం తల దువ్వుకోవడానికి భయపడుతుంది. మనవడికి జ్వరం వస్తే ఇంట్లోవాళ్ళు ఆస్పత్రికి తీసుకుపోతారు. ఈవిడ మాత్రం చాటుగా ముడుపు కడుతుంది, తాళి తెంపినందుకు అమ్మవారు పిల్లాడి మీద పడిందని. కోడలు ఏదో మాటల్లో, “నీ వల్లనే మా ఇంటికి ఈ కష్టాలు” అంటుంది. ఇంక చెప్పేదేముంది? పక్క వీధిలో చావు డప్పు మోగితే కాళ్ళు వాటంతటవే వణుకుతాయి, ఒళ్ళు చల్లబడుతుంది. కొందరికి పూనకం వస్తుంది. ఊరు దాన్ని భక్తి అంటుంది. చదువుకున్నవాడు నటన అంటాడు. ఆమె లోపల ఏళ్ళ తరబడి అణగదొక్కిన అరుపు అదొక్క దారిలోనే బయటికి వస్తోందేమోనని మాత్రం ఎవరూ అనుమానించరు.

ఈ బాధకు వైద్యంలో పేరు లేకపోలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో, అత్యాచారానికి గురైన స్త్రీలలో కనపడే ఈ స్థితిని అమెరికా మానసిక వైద్యులు 1980లోనే పీటీఎస్‌డీ పేరుతో తమ పట్టికలో చేర్చారు. ఒక్క దెబ్బతో పోకుండా ఏళ్ళ తరబడి, తప్పించుకునే దారి లేకుండా సాగిన హింస మనిషి తన గురించి తాను అనుకునే మాటలనే మార్చేస్తుందని జూడిత్ హెర్మన్ అనే మానసిక వైద్యురాలు 1992లో పుస్తకం రాసింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో అలాంటి బాధకు విడిగా చోటు దొరికింది. ఇక మతం పేరుతో, దేవుడి భయంతో తగిలిన గాయం మిగతా గాయాల కంటే వేరుగా ఉంటుందని మార్లీన్ వినెల్ అనే సైకాలజిస్టు 2011లో ప్రత్యేకంగా పేరు పెట్టి చెప్పింది. ఆమె చూసింది అమెరికాలో నరక భయంతో పెరిగి, చర్చిని వదిలి బయటికి వచ్చిన మనుషుల్ని. ఆమె పెట్టిన పేరు ఇంకా ఏ అధికారిక పట్టికలోకీ ఎక్కలేదు. అయినా ఆమె చెప్పిన లక్షణాలు చదివితే, ఊట్కూరులో ఒక ముసలావిడ తన మనవడికి జ్వరం వస్తే ఎందుకు వణికిపోతుందో అర్థమవుతుంది. నమ్మకం వదిలేసినా భయం వదలదు. బుద్ధికి తెలిసింది ఒంటికి తెలియదు.

అయితే అక్కడ వాళ్ళు వారం వారం వెళ్ళి కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది ఉంది, వినడానికి చదువుకున్న మనిషి ఉంది. మన జోగినికి ఏముంది?

చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో జోగినులకూ వర్తించే దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. ఊరికే రాలేదు. కవి జాషువా కూతురు హేమలతా లవణం లాంటివాళ్ళు నిజామాబాద్ జిల్లా పల్లెల్లో జోగినుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి, ప్రభుత్వాన్ని కదిలిస్తే వచ్చింది. చట్టం శిక్షలు రాసింది, పెళ్ళి చేసుకునే హక్కు రాసింది. ఆ తర్వాత పథకాలు వచ్చాయి. కొందరికి ఇంటి స్థలం, కొందరికి భూమి, కొందరికి అప్పు. అవీ అందరికీ అందలేదు. అందినవాళ్ళకైనా, అయిదో ఆరో ఏళ్ళ వయసులో మనసుకు వేసిన ముడి ఎవరు విప్పుతారన్న ప్రశ్న ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇంతకంటే మండిపోయే సంగతి ఒకటుంది. కర్ణాటక దేవదాసీ నిషేధ చట్టం 1982 నాటిది. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైందీ 1982లోనే. ఆ కార్యక్రమాన్ని జిల్లా స్థాయిలో ఎలా నడపాలో తేల్చుకోవడానికి బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు 1980లలో ఎంచుకున్న జిల్లా ఏదో తెలుసా? బళ్ళారి. అనంతపురం, కర్నూలు జిల్లాలను ఆనుకుని, తెలుగు వీధి వీధినా వినపడే బళ్ళారి. దేవదాసీ దురాచారానికి పేరుపడ్డ జిల్లాల్లో ఒకటైన బళ్ళారి. అక్కడ చేసి చూసిన పద్ధతినే నమూనాగా తీసుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశం మీదికి తెచ్చారు.

అంటే ఒకే నేల మీద, ఒకే కాలంలో, ఒక ప్రభుత్వ శాఖ చేతిలో దేవదాసీ నిషేధ చట్టం ఉంది, ఇంకో శాఖ పల్లెల్లో మానసిక వైద్యం నేర్పుతోంది. ఈ రెండు ఫైళ్ళూ నలభై ఏళ్ళు దాటినా ఒక బల్ల మీద కలవలేదు. జోగినులు సంక్షేమ శాఖ ఖాతా. మనసు ఆరోగ్య శాఖ ఖాతా. జోగిని మనసు ఎవరి ఖాతా? ఎవరి ఖాతా కాదు. ఇది డబ్బు లేక జరిగింది కాదు, చదువు లేక జరిగింది కాదు. ఆమెకు కడుపు ఉంటుందని ఒప్పుకున్నాం, ఒళ్ళు ఉంటుందని ఒప్పుకున్నాం. మనసు ఉంటుందని ఒప్పుకోలేదు. మాదిగ వాడలో ఆడదానికి మానసిక వేదన ఏమిటి, రెక్కాడితే గాని డొక్కాడని దానికి అవన్నీ ఎక్కడివి అనుకున్నాం. ఆ అనుకోవడం కూడా కులమే.

ఇప్పుడు చట్టం కూడా ఆమె వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను చదవండి. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ సొమ్ముతో నడిచే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని రాసి ఉంది. దయతలిస్తే ఇవ్వవచ్చని రాయలేదు. అదే చట్టం వచ్చే ముందు 2015–16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, రోగాన్ని బట్టి 70 నుంచి 92 శాతం దాకా మనుషులకు చికిత్స అందడం లేదని తేలింది. అది అందరి లెక్క. ఆ అందరిలో వాడ చివరి ఇంట్లో ఉండే జోగిని ఎక్కడుంటుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

పోనీ వైద్యం కావాలంటే ఎక్కడికి పోవాలి? తెలంగాణ పల్లెలో మనసుకు డాక్టరంటే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రే. ఆ పేరునే మనం తిట్టుగా మార్చేశాం. జీవితమంతా ఊరి చేత మాటలు పడ్డ మనిషి ఇప్పుడు ‘ఎర్రగడ్డ కేసు’ అని కూడా అనిపించుకోవడానికి బస్సెక్కుతుందా? ధైర్యం చేసి జిల్లా ఆస్పత్రికి పోతే రెండు నిమిషాల్లో నిద్రమాత్రలు రాసిస్తారు. మాత్ర చెడ్డది కాదు, కొందరికి అది కావాలి కూడా. కానీ కండ్లు మూస్తే డప్పు ఎందుకు వినపడుతోందని మాత్ర అడగదు. టెలీ మానస్ అని 2022లో 14416 నంబరు పెట్టారు, తెలుగులోనూ మాట్లాడతారు. మంచి పని, కాదనను. ఇంటికి ఒకటే ఫోను, అదీ కొడుకు జేబులో. ఒకటే గది, అందులో కోడలు, పిల్లలు. ఏ మూల నిలబడి ఆమె కన్నెరికం సంగతి చెప్పాలి? చెప్పినా, అవతల వింటున్న అమ్మాయికి పట్టం కట్టడం అంటే ఏమిటో ఎవరైనా నేర్పారా?

చికిత్స అంటే ఏదో పట్నం సోకు అనుకునేవాళ్ళ కోసం, నేను కళ్ళారా చూసింది చెప్తాను. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పల్లెలు తిరిగే కౌన్సెలర్ ఒకామె. ఆమె దగ్గరికి వచ్చే ఒక జోగిని, నేను పక్కన కూర్చోవడానికి ఒప్పుకుంది. మొదట్లో చాలాసార్లు వాళ్ళు జరిగిందాని గురించి మాట్లాడుకోనే లేదట. గుండె దడ వచ్చినప్పుడు ఊపిరి ఎలా వదలాలి, కాళ్ళు వణికితే నేల మీద అరికాళ్ళు ఎలా ఆనించాలి, చుట్టూ కనపడే వస్తువుల పేర్లు ఎలా చెప్పుకోవాలి, అంతే. నేను వెళ్ళిన రోజు కౌన్సెలర్ ఒక్కటే అడిగింది: “అక్కా, పట్టం కట్టిననాడు నువ్వెంతుంటివి?” ఆవిడ కూర్చున్నచోటే చెయ్యి చాపి ఎత్తు చూపించింది. ఆ చెయ్యి పక్కనున్న బియ్యం బస్తా కంటే పైకి పోలేదు. ఆ చేతిని అక్కడే ఉంచి, దానికేసి చాలాసేపు చూసింది. “ఇంత పోరికి ఏమెరుకైతది?” అంది. కౌన్సెలర్ మాట్లాడలేదు. “ఇంత పోరి ఏం తప్పు జేస్తది?” అంది మళ్ళీ. అప్పుడు ఏడ్చింది. తన కోసం తను ఏడవడం అదే మొదలని తర్వాత చెప్పింది.

అంతే చికిత్స. అందులో మాయ లేదు, మంత్రం లేదు. తప్పు ఎవరిదో ఆమెకు ఇంకొకరు చెప్పలేదు; తన నోటితో తనే చెప్పుకుంది. జూడిత్ హెర్మన్ ఈ దారిలో మూడు మజిలీలు చెప్పింది. ముందు భద్రత కుదరాలి. తర్వాత జరిగినదాన్ని తలుచుకుని, పోయినదాని కోసం దుఃఖించాలి. ఆ పైన మళ్ళీ మనుషుల్లో కలవాలి. ఇదంతా తెలిసిన మనిషి పక్కన ఉంటేనే జరగాలి. తొందరపెట్టి పాత సంగతులు తవ్వితే గాయం ఇంకా రేగుతుంది. ఇంకో మాట. ఆ కౌన్సెలర్ ఎల్లమ్మను ఒక్క మాట అనలేదు. గుడికి పోవద్దని చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు. మొక్కడం, మానడం ఆవిడ ఇష్టానికి వదిలేసింది. భయంతో మొక్కడానికీ ఇష్టంతో మొక్కడానికీ తేడా తెలిసేదాకా తోడుంది. అంతకంటే మతస్వేచ్ఛ ఏముంటుంది?

ఈ ఓపిక మనలో ఎవరికుంది? భక్తులు ఏం చెప్పారు? శాంతి చేయించు, తప్పు కాయమని అమ్మవారికి చెప్పుకో అన్నారు. ఆమె తప్పేమిటో చెప్పలేదు. కొందరు ప్రార్థనా మందిరాలకు పోతే, నీలో దయ్యం ఉంది, వదిలిస్తాం అన్నారు. పాత భయం పోయి కొత్త భయం వచ్చింది. అక్కడ ఆదరణ దొరికి, తెరిపిన పడ్డవాళ్ళూ ఉన్నారు, కాదనను. హేతువాద మిత్రులు ఏం చేశారు? అమ్మవారు లేదు, అదంతా మూఢనమ్మకం, వదిలెయ్ అని ఉపన్యాసం చెప్పి జీపెక్కారు. వదిలెయ్యడం అంత సులువైతే ఆమె మిమ్మల్ని అడిగేదా? చదువుకున్న మధ్యతరగతి ఏం చేసింది? జాతరలో పూనకం వచ్చిన ఆడమనిషిని సెల్‌ఫోనులో వీడియో తీసుకుని మన సంస్కృతి అని మురిసిపోయింది. రాసేవాళ్ళం మేమేం చేశాం? జోగిని మీద కథలు రాసుకున్నాం, బహుమతులు తీసుకున్నాం. కథలో ఆమె చివర తాళి తెంపి విసిరేస్తుంది, మన కథ అయిపోతుంది. అసలు కష్టం ఆ మర్నాడు మొదలవుతుందని మేమూ రాయలేదు.

ఇక అధికారుల దగ్గర తయారుగా ఉండే సాకులు. పల్లెటూరి ఆడవాళ్ళకు ఇవి అర్థం కావంటారు. జింబాబ్వేలో డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారే పేదవాడలో పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆస్పత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. మనసు బాగాలేనివాళ్ళు వచ్చి ఆ అవ్వల పక్కన కూర్చుని మాట్లాడతారు. వాళ్ళ దగ్గరికి పోయినవాళ్ళకు మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే మెరుగ్గా నయమైందని 2016లో అమెరికా వైద్య పత్రిక జామాలో పరిశోధన వచ్చింది. అంత దూరం అక్కర్లేదు. గుజరాత్ మెహసాణా జిల్లాలో ‘ఆత్మీయత’ పేరుతో ఊరి మనుషులకే శిక్షణ ఇచ్చి, ఊళ్ళోవాళ్ళ బాధలు వినే పని అప్పగించారు. మన ఊళ్ళల్లో ఆశా కార్యకర్తలు లేరా? డ్వాక్రా సంఘాలు లేవా? వడ్డీ లెక్కలు, వాయిదాల లెక్కలు తప్పు లేకుండా నడిపే ఆడవాళ్ళకు, సాటి ఆడదాని మాట వినడం నేర్పితే రాదా? జోగినుల్లోనే తేరుకుని, తోటివాళ్ళ కోసం నిలబడ్డవాళ్ళున్నారు. వాళ్ళకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, ఈ పని అప్పగించడానికి ఏం అడ్డం?

వాళ్ళు గుళ్ళకు, దర్గాలకు పోతారు గాని డాక్టరు దగ్గరికి రారంటారు ఇంకొందరు. మరి డాక్టరే అక్కడికి పోకూడదా? అదే మెహసాణా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర దువా (ప్రార్థన) కోసం వచ్చినవాళ్ళకు అక్కడే దవా (మందు) కూడా ఇచ్చే ఏర్పాటు చేశారు. దర్గా సేవకులైన ముజావర్లే రోగిని వైద్యుల దగ్గరికి పంపుతారు. నమ్మకాన్ని కించపరచకుండా వైద్యం ఇవ్వవచ్చని అక్కడ తేలింది. నమ్మకానికి వదిలేసి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో తమిళనాడు ఏర్వాడిలో తేలింది. 2001 ఆగస్టు 6న అక్కడ మానసిక రోగుల్ని ఉంచిన పాకలకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు కదల్లేక 28 మంది కాలిపోయారు. దేశం రెండు రోజులు ఏడ్చింది. జోగిని కాలికి గొలుసు కనపడదు గనక ఆమె కోసం ఆ రెండు రోజుల ఏడుపు కూడా లేదు.

అన్నిటికంటే దుర్మార్గమైన సాకు ఇంకొకటుంది: ఎప్పుడో జరిగిన సంగతులు ఇప్పుడెందుకు, ముసలివాళ్ళయిపోయారు కదా అన్నది. ముసలివాళ్ళయితే నిద్ర అక్కర్లేదా? వాళ్ళ బిడ్డల సంగతేమిటి? బడిలో తండ్రి పేరు అడిగితే నేల చూపులు చూసిన పిల్లలు ఇవాళ ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళు. తల్లి మీద ప్రేమ, తల్లి అంటే సిగ్గు, రెండూ ఒకే గుండెలో మోస్తూ పెరిగారు. వాళ్ళల్లో తాగుడుకు పడ్డవాళ్ళున్నారు, పెళ్ళి చూపుల్లో తల్లిని చుట్టమని చెప్పుకున్నవాళ్ళున్నారు. తల్లికి నయం కాకపోతే ఆ గాయం బిడ్డకు ఆస్తిలా దిగుతుంది. ఇంకా చాటుమాటుగా ఎక్కడైనా పట్టం కడితే, ఆ పిల్లను కాపాడి హాస్టల్లో చేర్చి ఫొటో తీసుకుంటే సరిపోదు. ఆ రాత్రి ఆ పిల్ల హాస్టల్లో ఉలిక్కిపడి లేస్తే పక్కన ఎవరుంటారు? పోక్సో చట్టం 39వ సెక్షను పిల్లల కోసం మానసిక నిపుణుల సాయం తీసుకునేలా మార్గదర్శకాలు చేయమని రాష్ట్రాలకు 2012లోనే చెప్పింది. ఆ సాయం జిల్లా కేంద్రం దాటి వాడ దాకా ఎప్పుడు వస్తుంది?

అడుగుతున్నది గొంతెమ్మ కోరికలేమీ కాదు. జోగినుల పునరావాస దరఖాస్తులో మనసు గురించి అడిగే ఒక ప్రశ్న పెట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో జోగిని, బసివి, మాతమ్మలున్న మండలాలకు జిల్లా మానసిక ఆరోగ్య బృందం నెల నెలా వెళ్ళేలా ఉత్తర్వు ఇవ్వండి. ఆ బృందంలో ఒక మహిళా సైకాలజిస్టు ఉండాలి. ఆ మండలాల ఆశా కార్యకర్తలకు, తేరుకున్న జోగినులకు వినే విద్యలో శిక్షణ ఇవ్వండి, చేసిన పనికి జీతం ఇవ్వండి. నాలుగు గోడలు, ఒక తలుపు, లోపల గడియ ఉన్న ఒక గది ఇవ్వండి. వాళ్ళు చెప్పేది వాళ్ళ ఇంట్లోవాళ్ళకు వినపడకూడదు. వైద్య కళాశాలల్లో చదివే పిల్లలకు ఈ గాయం గురించి ఒక్క పాఠం చెప్పండి. సంక్షేమ శాఖ, ఆరోగ్య శాఖ అధికారుల్ని ఒక్క రోజు ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఇందులో ఏ ఒక్కటీ ఖజానాను ఖాళీ చేసేది కాదు.

ఇది చదువుతున్న మీకూ ఒక మాట. మీ ఊళ్ళో అలాంటి మనిషి ఉంటే, ఆమె ఎప్పుడైనా నోరు విప్పితే, ‘పాత సంగతులు ఎందుకమ్మా’ అని మాత్రం అనకండి. సలహా చెప్పకండి, దేవుడున్నాడని చెప్పకండి, లేడనీ చెప్పకండి. వినండి. తర్వాత మీ సర్పంచిని, మీ ఎమ్మెల్యేని, మీ జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంటును పట్టుకుని, మా ఊళ్ళో ఈ మనుషులకు మానసిక వైద్యం ఎప్పుడు ఇస్తారని అడగండి. రాతపూర్వకంగా అడగండి.

బర్రెకు ఇచ్చిన అప్పును ఆ ఆడవాళ్ళు వాయిదాల్లో తీరుస్తూనే ఉన్నారు. దేవత పేరు చెప్పి ఊరు వాళ్ళ బాల్యాన్ని తీసుకుంది, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది. ఆ బాకీ మనది. ఇంతవరకూ ఒక్క వాయిదా కూడా కట్టలేదు.